మాస్టారు కొండ మీద ఆగిపోయిన రోజు

హైమావతికి ఏడాదంతా పొదుపు చేస్తే మిగిలినవి నాలుగే నాలుగు సెలవులు. ఆ నాలుగింటి మీదా ఇంట్లో ఇద్దరికి కన్ను ఉంది. ఒకరు ఆమె. రెండోవాడు ఆమె భర్త త్రినాథ్.

ఆమె విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో నర్సు. ముప్పై రెండేళ్లు. ఆరేళ్లుగా దాలినాయుడు మాస్టారి దగ్గర పరుగు నేర్చుకుంటోంది. నవంబరు నెలాఖరు ఆదివారం అరకు కొండల్లో ముప్పై కిలోమీటర్ల పందెం ఉంది. రోడ్డు మీద కాదు. కాఫీ తోటల మధ్య నుంచి, వాగులు దాటుకుంటూ, రెండు కొండలు ఎక్కి దిగే కాలిబాట మీద. కిందటేడు ఆడవాళ్లలో ఆమెది నాలుగో స్థానం. మొదటి ముగ్గురినీ హిమాలయాల్లో జరిగే పెద్ద పరుగుకి పంపుతారు. నాలుగోవాళ్లని చప్పట్లు కొట్టి ఇంటికి పంపుతారు.

త్రినాథ్‌కి బైకులు బాగుచేసే షెడ్డు ఉంది. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఇద్దరూ కలిసి ఒక్క ఊరు చూసింది లేదు. ఆమెకి డ్యూటీలు, అతనికి షెడ్డు. ఈసారి తనూ రావచ్చని తెలిసేసరికి అతను ఎగిరి గంతేశాడు. పాత క్యాలెండర్ కాగితం వెనక చూడాల్సిన చోట్లన్నీ రాసుకున్నాడు. పదకొండు తేలాయి.

ఆ కాగితం పట్టుకుని ఒక పొద్దున్న హైమావతి కైలాసగిరి మెట్ల దగ్గరికి వచ్చింది. మాస్టారి శిష్యులు ఎక్కి దిగేది ఆ మెట్లే.

దాలినాయుడు మాస్టారికి డెబ్భై ఒకటి. విజయనగరం వైపు బళ్లలో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మాట తక్కువ. ఆయన్ని ఏదైనా అడిగితే జవాబు ఆ రోజే వస్తుందని ఎవరూ అనుకోరు. ఒక్కోసారి నెలకి వస్తుంది. ఒక్కోసారి మాటల్లో రాదు.

“మాస్టారూ, మీరే చెప్పాలి,” అంది హైమావతి. “పందెం ముందు కాళ్లకి విశ్రాంతి ఇవ్వాలా, వద్దా? ఈయనేమో గుహలంటారు, జలపాతాలంటారు. నేను వెళ్లేది పందేనికా, పిక్నిక్‌కా? రెండూ ఒక్క ప్రయాణంలో ఎలా కుదురుతాయి? మీరు ఒక్క మాట చెప్తే ఆయన వింటారు.”

మాస్టారు కాగితం అందుకున్నారు. కళ్లజోడు పైకి తోసుకుని పదకొండు చోట్లూ మెల్లగా చదివారు.

“పెన్నుందా?”

ఎవరో ఇచ్చారు. ఆయన అడుగున పన్నెండో నంబరు వేసి, పక్కన ఏదో రాసి, కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టారు. విప్పి చూస్తే ‘మాస్టారు కూడా’ అని ఉంది.

“మీరూ వస్తారా!”

“వస్తాను. పందెంలో పేరు కూడా ఇచ్చేయి.”

“ఇచ్చేశాను కదండీ.”

“నీది కాదమ్మా. నాది.”

పక్కన ఒళ్లు విరుచుకుంటున్న వాళ్లు కూడా ఆగి ఇటు చూశారు. “ముప్పై కిలోమీటర్లు మాస్టారూ,” అంది హైమావతి. “మీ మోకాలు...”

“ఎంతసేపట్లో పూర్తి చెయ్యాలట?”

“తొమ్మిది గంటలు. దాటితే లెక్కలోకి తీసుకోరు.”

“తొమ్మిది గంటలే!” అన్నారు మాస్టారు. కళ్లు చిన్నపిల్లాడి కళ్లలా మెరిశాయి. “ఈ రోజుల్లో అంత టైము ఎవరిస్తున్నారమ్మా!”

*

శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ అరకు రైలెక్కారు.

హైమావతి మోకాళ్ల దాకా బిగుతు మేజోళ్లు వేసుకుంది. ఎదుటి సీటు మీద బ్యాగు పెట్టి, దాని మీద కాళ్లు పెట్టి, కళ్లు మూసుకుంది. మనసులో పందెం దారి పరిచి పెట్టుకుంది. మొదటి ఎక్కుడు, ఆరు కిలోమీటర్లు. దిగుడు. వాగు. రెండో ఎక్కుడు, అది చంపేస్తుంది, అక్కడ అడుగు చిన్నగా వెయ్యాలి. తర్వాత ఎనిమిది కిలోమీటర్లు దిగుడే. కిందటేడు ఆ దిగుడులోనే ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటావిడ ఆమెని దాటి పోయింది. మూడో స్థానం ఆవిడతో పోయింది.

రైలు కొండెక్కడం మొదలుపెట్టాక త్రినాథ్ సీట్లో కుదురుగా లేడు. ఈ కిటికీకీ ఆ కిటికీకీ పరుగులు.

“హైమా, చూడు చూడు! లోయ! మన రైలే ముందు వంపు తిరుగుతోంది, ఇంజను కనిపిస్తోంది!”

ఆమె ఒక కన్ను తెరిచింది. “ఆఁ, బాగుంది,” అని మళ్లీ మూసింది.

మొదటి సొరంగం వచ్చింది. పెట్టె ఒక్కసారిగా చీకటయింది. పిల్లలంతా ఓ అని అరిచారు. వాళ్లలో ఒక గొంతు మాత్రం ముసలిగొంతు. వెలుగు రాగానే అందరూ అటు తిరిగి చూస్తే, దాలినాయుడు మాస్టారు తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నారు. రెండో సొరంగంలో ఆయన, త్రినాథ్ కలిసి అరిచారు. ఐదోదానికల్లా పెట్టెలో అరవని మనిషి లేడు, హైమావతి తప్ప.

మర్నాడు జీపు మాట్లాడుకున్నారు. హైమావతి కూడా ఎక్కింది. మాట తీసెయ్యడం ఇష్టం లేక.

గుహల దగ్గర లోపలికి దిగే మెట్లు చూసి ఆగిపోయింది. “రేపు ఈ తొడలు నాకు కావాలి. మీరు చూసి రండి,” అని బయట బెంచీ మీద కూర్చుని ఖర్జూరాలు తింది. గంట తర్వాత త్రినాథ్ బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“రాళ్లు కప్పు నుంచి వేలాడుతున్నాయి హైమా! ఒకటి అచ్చం ఏనుగు తొండం. పైన ఒక కన్నం ఉంది, అందులోంచి ఎండ స్తంభంలా దిగి...”

“ఆ నీళ్ల సీసా ఇలా ఇవ్వండి,” అంది ఆమె.

జలపాతం దగ్గర రాళ్లు జారుతాయని దిగలేదు. అతను మోకాళ్ల దాకా తడిసి వచ్చి సగం చెప్పి ఆపేశాడు. కాఫీ తోట చూసి వచ్చాక ఏమీ చెప్పలేదు.

“ఎలా ఉంది?” అంది తనే.

“బాగుంది.”

తర్వాత అతను వెనక ఆమె పక్కన ఎక్కలేదు. ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. పదకొండులో ఇంకా నాలుగు మిగిలి ఉండగానే, “ఇంక రూముకి పోనీ బాబూ, మేడమ్ పడుకోవాలి,” అన్నాడు. కోపంగా అనలేదు. అదే ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది.

సాయంత్రం మాస్టారు వరండాలో కూర్చుని మోకాళ్లకి నూనె రాసుకుంటున్నారు. హైమావతి వెళ్లి నిలబడింది.

“మాస్టారూ, నేను తప్పు చేస్తున్నానా? ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలని నేర్పింది మీరే. పెళ్లిళ్లు మానేశాను, సినిమాలు మానేశాను. అప్పుడు మీరు కాదనలేదు. ఇప్పుడు మీరే ఆయనతో కలిసి గుహలన్నీ తిరుగుతున్నారు.”

“ఈ నూనె కాస్త వేడి చేసి పెడతావా?” అన్నారు మాస్టారు.

ఆమె గిన్నె తీసుకెళ్లి వేడి చేసి తెచ్చింది. ఆయన రెండో మోకాలికి కూడా ఓపిగ్గా రాసుకున్నారు. ఆమె కదల్లేదు.

“రేపు గట్టిగా పరుగెత్తు,” అన్నారు చివరికి. “వెనక్కి చూడకు.”

“మరి మీరు?”

“నా సంగతి నీకెందుకు? నాకు తొమ్మిది గంటలున్నాయి.”

*

ఆదివారం ఆరు గంటలకి మైదానంలో రెండు వందల మంది నిలబడి ఉన్నారు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే పక్కవాడి చొక్కా రంగు తెలుస్తోంది గానీ మొహం తెలియడం లేదు. అందరూ గెంతుతున్నారు, చేతులు రుద్దుకుంటున్నారు. మైకులో ఎవరో పది నుంచి వెనక్కి లెక్కపెట్టారు. 

విజిల్ పడింది.

మొదటి ఎక్కుడులోనే ఆమెకి తెలిసిపోయింది, ఇవాళ కాళ్లు తనవేనని. ఊపిరి ఒకే తాళంలో నడుస్తోంది. ఇరవై మందిని దాటింది. దిగుడులో ఇంకో పదిమందిని. వాగు నీళ్లు మోకాళ్ల దాకా తన్ని పోయాయి. రెండో ఎక్కుడు మొదట్లో ఒక వాలంటీరు, “అమ్మా, ఆడవాళ్లలో ఐదో స్థానం!” అని అరిచాడు. సగం ఎక్కేసరికి నాలుగు.

కొండ నెత్తి మీద చెక్‌పోస్టు. ఇరవై రెండు కిలోమీటర్లు. ఆగకుండానే గ్లాసుడు నీళ్లు నోట్లో పోసుకుంది. అప్పుడు కనిపించింది, ముందు, మంచులో, ఎర్ర టోపీ.

ఆ ఎనిమిది కిలోమీటర్ల దిగుడూ హైమావతి ఆ టోపీ వెనకాలే దిగింది. రాయి, వేరు, రాయి, బురద, టోపీ. కాలు జారింది, చేత్తో ఆపుకుంది, మళ్లీ లేచింది. టోపీ దగ్గరవుతోంది, మళ్లీ దూరమవుతోంది. చివరి కిలోమీటరులో ఆవిడ ఊపిరి ఈమెకి వినిపించింది. మైదానంలోకి వచ్చేసరికి ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. జనం కేకలు పెడుతున్నారు. ఆ కేకల్లో త్రినాథ్ గొంతు ఒక్కటే ఆమెకి తెలిసింది. “హైమా! హైమా! హైమా!”

ఆమె పళ్లు బిగించింది. చివరి రెండు వందల గజాలు ఎలా పరుగెత్తిందో ఆమెకి తెలియదు. గీత దాటాక ఎర్ర టోపీ ఆవిడే వచ్చి భుజం తట్టింది.

మూడో స్థానం. నాలుగు గంటల పద్దెనిమిది నిమిషాలు.

త్రినాథ్ ఆమెని గాల్లోకి ఎత్తేశాడు. ఇద్దరూ కలిసి నవ్వారు, ఏడ్చారు, ఫోన్లో అందరికీ చెప్పారు.

“హిమాలయాలండీ!” అంది ఆమె.

“అక్కడికైనా నన్ను తీసుకెళ్తావా? బయట బెంచీ మీద కూర్చుంటాలే,” అన్నాడు అతను.

నవ్వుతూనే అన్నాడు. ఆమె కూడా నవ్వబోయింది గానీ, నవ్వు సగంలో ఆగింది.

పన్నెండింటికి బహుమతులిచ్చారు. ఒంటిగంట అయింది. పరుగెత్తేవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. ఇద్దరు స్నేహితులు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని వచ్చారు. మాస్టారు రాలేదు.

హైమావతి టైము రాసుకునే బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడి ఆయన కాగితాలు తిప్పి చూశాడు.

“కొండ మీద చెక్‌పోస్టు పదకొండూ నలభైకి దాటారండీ. పెద్దాయన బాగానే ఉన్నారట, అక్కడ జోకులు కూడా వేశారట.”

“అక్కడి నుంచి దిగడమే కదా. నడిచినా ఈపాటికి రావాలి.”

“చివరి మనిషి వెనకాల మా వాలంటీరు ఒకాయన వస్తూ ఉంటాడు మేడమ్. కానీ ఆయన వాకీటాకీ పలకడం లేదు. ఇంకో పావుగంట చూసి మనుషుల్ని పంపిస్తాం.”

ఆ పావుగంట ఆమె ఆగలేకపోయింది. డెబ్భై ఒక్కేళ్లు. ఆ మోకాలు. తన వల్ల వచ్చారు. నిన్న అంతలేసి మాటలన్నది. మెడలో పతకం తీసి సంచిలో పడేసి, కొండవైపు నడిచింది. తొడలు అప్పటికే కర్రలయ్యాయి.

వెనక నుంచి చెప్పుల చప్పుడు.

“చెప్పులతో కొండెక్కుతారా?” అంది.

“నీకు అడుగు పడడం లేదు. భుజం పట్టుకో,” అన్నాడు త్రినాథ్.

*

పొద్దున్న దిగిన దారినే ఇద్దరూ ఎక్కారు. మంచు పూర్తిగా విడిపోయింది.

వెతకడమంటే ఇటూ అటూ చూడాలి. ఆమె చూసింది. దారికి ఎడమ పక్క ఎక్కడైనా కాలుజారిన గుర్తుందా, కుడి పక్క పొదలో తెల్ల చొక్కా ఉందా అని, ప్రతి అడుగుకీ ఆగి చూసింది. సన్నటి వాగు వచ్చింది. వంగి, బండల కిందకి తొంగి చూసింది. నూనెగింజల పంట, వలిస చేను వచ్చింది. నడుం దాకా పూసి ఉంది. నీరసం వచ్చి చేలో కూలబడ్డారేమోనని ఆమె పూలు రెండు చేతులతో తప్పించుకుంటూ లోపలికి వెళ్లింది. తేనెటీగలు లేచాయి. త్రినాథ్ ఇంకో వైపు నుంచి వచ్చాడు. ఇద్దరూ మధ్యలో కలిసి, లేరు అన్నట్టు తలలూపుకున్నారు.

“మాస్టారూ!” అని అరిచింది ఆమె.

“...స్టారూ,” అంది ఎదురుకొండ.

కాఫీ తోట వచ్చింది. చెట్ల వరసల మధ్య తిరిగారు. పొద్దున్న నిజంగా ఈ దారినే వచ్చానా అని ఆమెకి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. దారి తప్పలేదు. చెట్టుకి కట్టిన గుర్తు రిబ్బను కనిపిస్తూనే ఉంది.

టైము మధ్యాహ్నం రెండు దాటింది. ఆమె గొంతు బొంగురుపోయింది. త్రినాథ్ బండలున్నచోట చెయ్యి అందిస్తున్నాడు. ఒక మలుపు తిరిగారు.

మలుపులో చదునైన పెద్ద బండ. బండ మీద దాలినాయుడు మాస్టారు బూట్లు విప్పేసి, కాళ్లు బార్లా చాపుకుని కూర్చుని ఉన్నారు. పక్కన నారింజరంగు కోటు వేసుకున్న నడివయసు మనిషి. ఇద్దరి మధ్యా ఆకులో కాల్చిన చిలగడదుంపలు.

“ఈయన డొంబు గారు,” అన్నారు మాస్టారు వాళ్లని చూసి, ఇంటికొచ్చిన చుట్టాలకి పరిచయం చేస్తున్నట్టు. “నా వెనకాల నడవడం ఈయన పని. కింద కనిపించే ఊళ్ల పేర్లు చెప్తున్నారు.”

“ఈయన కదిలితే గదా నేను కదిలేది,” అన్నాడు డొంబు. “వాకీటాకీ ఛార్జింగు అయిపోయిందమ్మా.”

హైమావతికి కోపం వచ్చింది. ఆరేళ్లలో ఎప్పుడూ మాస్టారి ముందు గొంతు ఎత్తని మనిషి, అరిచేసింది.

“ఇక్కడ కూర్చున్నారా! దుంపలు తింటూ! మేం ఎక్కడెక్కడ వెతికామో తెలుసా మీకు? వాగులో పడిపోయారేమోనని బండల కింద చూశాను. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున ఇసక కనిపిస్తోంది, దాని మీద గోరంత పీతలు నడుస్తున్నాయి, అవున్నాయి గానీ మీరు లేరు! వలిస చేనంతా వెతికాం. ఇదిగో చూడండి నా చేతులు, పసుపు పూసుకున్నట్టున్నాయి, తేనెటీగలు చెవుల చుట్టూ! కాఫీ తోటలో ఒక్క వరస వదల్లేదు. కాయలు ఎర్రగా గుత్తులు గుత్తులు, ఆ పెద్ద చెట్లకి మిరియం తీగలు పైదాకా పాకేశాయి, వాటి వెనక ఉన్నారేమోనని చూస్తే పాలపిట్ట, నీలంగా, ఇంత దగ్గర్లోంచి ఎగిరింది! నేను పిలిస్తే ఎదురుకొండ పలుకుతోంది. అది మీ గొంతేమోనని ఎన్నిసార్లు ఆగి...”

ఆమె ఆగిపోయింది.

త్రినాథ్ ఆమెనే చూస్తున్నాడు.

మాస్టారు ఒక దుంప విరిచి సగం ఆమె వైపు చాపారు. “వేడిగా ఉంది. తిను.”

ఆమె బండ మీద కూర్చుంది. త్రినాథ్ ఆమె పక్కన కూర్చున్నాడు. లోయ అంతా వాళ్ల కాళ్ల కింద పరుచుకుని ఉంది. చేలు పసుపు ముక్కలూ ఆకుపచ్చ ముక్కలూ కలిపి కుట్టిన బొంతలా ఉన్నాయి. ఒక మేఘం నీడ ఒక ఊరి మీంచి ఇంకో ఊరి మీదకి మెల్లగా నడిచి వెళ్లింది. ఆవల కొండ నడుం మీద గూడ్సు బండి పాకుతోంది.

“అదిగో చూడండి, ఇంజను సొరంగంలోకి పోయింది, తోక ఇంకా బయటే ఉంది!” అంది హైమావతి, భర్త మోచెయ్యి పట్టుకుని.

త్రినాథ్ చూశాడు. “ఏదీ?” అన్నాడు, కనిపిస్తున్నా. ఆమె మళ్లీ చూపించింది.

దుంపలు అయిపోయాయి.

“టైమెంతయింది?” అన్నారు మాస్టారు.

హైమావతి వాచీ చూసింది. “రెండూ ఇరవై రెండు.”

“మూడింటికి ముప్పై ఎనిమిది నిమిషాలు. ఇంకెంత దూరం?”

“నాలుగు కిలోమీటర్లు,” అన్నాడు డొంబు.

మాస్టారు బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు.

“మీరు పూర్తి చేద్దామనుకుంటున్నారా!” అంది హైమావతి.

“లేకపోతే పేరెందుకు రాయించానమ్మా?” లేసులు లాగి ముడేశారు. లేచి నిలబడ్డారు. మోకాలు టక్కుమంది. “పదండి!”

*

ఆ దిగుడు గురించి త్రినాథ్ ఇప్పటికీ షెడ్డుకి వచ్చినవాళ్లకి చెప్తాడు.

ముందు హైమావతి, వెనక మాస్టారు, ఆయన వెనక త్రినాథ్, అందరి వెనకా డొంబు. హైమావతి ప్రతి అడుగుకీ తొడలు కోసేస్తున్నట్టున్నా దారి చెప్పుకుంటూ దిగింది. “వేరు! బురద! మాస్టారూ, కుడి పక్క నుంచి రండి!” మాస్టారు పెద్ద అడుగు వెయ్యలేదు. మెట్టు మీద మెట్టు దిగే పిల్లాడిలా చిన్న చిన్న అడుగులు, చకచకా, చకచకా. చేతులు రెండూ పక్షి రెక్కల్లా పక్కలకి చాపారు.

కాఫీ తోటలో త్రినాథ్ చెప్పు తెగింది. రెండూ విప్పి చేత్తో పట్టుకుని ఉత్తకాళ్లతో పరుగెత్తాడు. వలిస చేను దగ్గర ఇరవై నిమిషాలు మిగిలాయి. వాగు దగ్గర పన్నెండు. మాస్టారు వాగులో కాలు పెట్టి తూలారు. ముందు నుంచి ఒక చెయ్యి, వెనక నుంచి ఒక చెయ్యి ఆయన్ని పట్టుకున్నాయి. ముగ్గురూ నీళ్లు చిమ్ముకుంటూ ఒడ్డెక్కి, ఎందుకో తెలియకుండానే పగలబడి నవ్వారు.

“మాస్టారూ,” అంది హైమావతి రొప్పుతూ. “మీరు కావాలనే కూర్చున్నారా అక్కడ?”

“మాట్లాడితే ఊపిరి పోతుంది. బండ ఉంది, చూసుకో.”

ఆమె బండ తప్పించుకుంది. మళ్లీ అడగలేదు.

మైదానం కనిపించేసరికి నాలుగు నిమిషాలు. షామియానా తాళ్లు విప్పేస్తున్నారు. స్పీకర్లు ఆటోలోకి ఎక్కిస్తున్నారు. ముందుగా చూసింది ఎర్ర టోపీ ఆవిడ. చేతిలో టీ కప్పు వదిలేసి, “వస్తున్నారు! వస్తున్నారు!” అని అరిచింది. తాళ్లు విప్పేవాళ్లు తాళ్లు వదిలేశారు. ఆటో డ్రైవరు హారన్ మోగించడం మొదలుపెట్టాడు. మిగిలిన పాతికమందీ గీతకి అటూ ఇటూ చేరి చప్పట్లు కొడుతున్నారు. ఎవరికీ ఎవరి పేరూ తెలియదు. “తాతగారూ! తాతగారూ!” అంటున్నారు.

మాస్టారి మొహం ఎర్రగా కందిపోయింది. నోరు తెరుచుకుని గాలి తాగుతున్నారు. ఆ ఒక్క వంద గజాలు మాత్రం ఆయన చిన్న అడుగులు మానేశారు. వీపు నిటారుగా పెట్టి, మోకాళ్లు ఎత్తి, బడి మైదానంలో పిల్లలకి చూపించినట్టే పరుగెత్తారు.

గీత దాటేసరికి గడియారంలో తొమ్మిది గంటలకి నలభై ఏడు సెకండ్లు తక్కువ.

జనం ఒక్కసారిగా గోల చేశారు. మాస్టారు గడ్డి మీద వెల్లకిలా పడుకుని, ఆకాశం వంక చూస్తూ, పొట్ట ఊగిపోయేలా నవ్వుతున్నారు. త్రినాథ్ ఆయన పక్కనే కూలబడి ఎర్రబడిన పాదాలు చూసుకుంటున్నాడు. అతని మొహం నిన్న గుహలోంచి వచ్చినప్పటి మొహమే. హైమావతి వెళ్లి అతని పక్కన కూర్చుని, ఒక పాదం తన ఒళ్లోకి తీసుకుని ముల్లేమైనా దిగిందేమో చూసింది.

టైము రాసుకునే ఆయన కాగితాలు పట్టుకుని వచ్చాడు.

“మేడమ్, మీది పొద్దున్నే అయిపోయింది కదా. మళ్లీ పరుగెత్తారేటి?”

హైమావతి తల తిప్పి వెనక్కి చూసింది. కొండ మీద మబ్బు లేదు. ఎండలో పాదం నుంచి శిఖరం దాకా నిలువునా కనిపిస్తోంది. కొండ భుజం మీద చదును బండ చిన్న గోధుమరంగు మచ్చలా ఉంది. ఆమె చాలాసేపు చూసింది.

డొంబు నీళ్లు తాగి, నారింజ కోటు విప్పి మడత పెట్టుకుంటున్నాడు.

“డొంబు గారూ,” అంది. “ఆ కొండ పేరేంటండీ?”

డొంబు వింతగా చూశాడు. “కిందటేడు కూడా ఎక్కారు కదమ్మా మీరు?”

“ఎక్కాను.”

“సిరిమెట్ట,” అన్నాడు డొంబు.

“సిరిమెట్ట,” అంది హైమావతి.